ధన్యుడు ఎవరు? కొండ మీద చెప్పిన ఎనిమిది మాటలు, మన ఉపనిషత్తు వేసిన లెక్క



ఈ వారం వీడియోలో "నిజమైన ఆనందం ఎక్కడుంది" అన్న విషయం మాట్లాడుకున్నాం కదా. అందులో బైబిల్లోని పర్వత ప్రసంగం ప్రస్తావన ఒక్క నిమిషంలో వచ్చి వెళ్లిపోయింది. "మన ఛానెల్‌లో ఇదేంటి?" అని కొందరికి అనిపించి ఉంటుంది. అందుకే ఈ పాఠంలో దాన్నే తీసుకుని, మన శాస్త్రం పక్కన పెట్టి నిదానంగా చూద్దాం.

ముందుగా ఒక మాట. రామకృష్ణ పరమహంస శరీరం విడిచిన 1886లోనే, డిసెంబర్ 24 రాత్రి, అంట్‌పూర్ అనే పల్లెలో ధుని చుట్టూ కూర్చుని నరేంద్రుడు తన గురుసోదరులకు ఏసుక్రీస్తు జీవితం చెప్పాడు. అక్కడే అందరూ సన్యాస సంకల్పం చేసుకున్నారు. ఇప్పటికీ రామకృష్ణ మఠాల్లో ఆ సాయంత్రం క్రీస్తును స్మరిస్తారు. అలాగని వాళ్ల వేదాంతం పలచబడిపోలేదు కదా. గాంధీజీ కూడా పర్వత ప్రసంగం తన మనసును సూటిగా తాకిందనీ, దాన్ని గీతతో పోల్చి చూసుకున్నాననీ ఆత్మకథలో రాసుకున్నారు.

ఈ మాటలు తెలుగులోకి ఎలా వచ్చాయి?

దీనికి మన ఉత్తరాంధ్రతోనే సంబంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, క్రైస్తవం తీసుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1810 నాటికే ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. కానీ పని ఆగలేదు. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. ఈ రోజు మనం చూస్తున్న ఎనిమిది మాటలు మత్తయి సువార్త 5వ అధ్యాయం మొదట్లోనే ఉంటాయి.

ఇంకొకాయన గురించీ చెప్పాలి, పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో క్రైస్తవం తీసుకున్నారు. 1890 వరకూ జీవించారు. ఆయన తన భక్తిని మన పద్ధతిలోనే చెప్పుకున్నారు. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ పెట్టి తెలుగు కీర్తనలు కట్టారు. చర్చిల్లో ఇప్పటికీ అవి పాడతారు. ఆదివారం పొద్దున్న శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చర్చి పక్కనుంచి వెళ్తుంటే, వినబడే పాట నడక మన భజన నడకలాగే అనిపించడానికి కారణం ఇదే.

"ధన్యుడు" అంటే?

ఏసు కొండ మీద చెప్పిన మాటల్లో ప్రతిదానికీ గ్రీకు మూలంలో "మకారియోస్" అనే పదం ఉంది. సుఖి, భాగ్యవంతుడు అని అర్థం. తెలుగులో దానికి "ధన్యుడు" అన్న మాట పెట్టారు. ధన్య శబ్దం పుట్టింది "ధనం" నుంచే. అంటే సంపద దక్కినవాడు ధన్యుడు. ఇప్పుడు ఆయన ఎవరెవరిని ధన్యులన్నాడో చూడండి. నా మాటల్లో చెబుతున్నాను.

1. నా దగ్గర ఏ గొప్పా లేదని దేవుడి ముందు ఒప్పుకునేవాడు.
2. దుఃఖంలో ఉన్నవాడు.
3. సాధువుగా, తగ్గి ఉండేవాడు.
4. నీతి కోసం ఆకలిదప్పులు పడేవాడు.
5. కనికరం చూపేవాడు.
6. మనసులో కల్మషం లేనివాడు.
7. మనుషుల్ని సమాధానపరిచేవాడు.
8. న్యాయంగా ఉన్నందుకు బాధలు పడేవాడు.

ప్యాకేజీ, ఫ్లాట్, ఫాలోయర్లు... ఈ జాబితాలో ఏవీ లేవు. లోకం "పాపం, వీడు" అనుకునేవాళ్లనే ఎక్కువగా చేర్చాడు.

మన ఉపనిషత్తు ఏమంటుంది?

తైత్తిరీయోపనిషత్తులో ఆనంద మీమాంస అని ఒక భాగం ఉంది. అక్కడ ఋషి ఆనందాన్ని లెక్క కట్టాడు. కొలమానంగా ఎవర్ని తీసుకున్నాడో తెలుసా? ఒక యువకుణ్ణి. మంచివాడు, చదువుకున్నవాడు, చురుకైనవాడు, బలవంతుడు. పైగా సంపదతో నిండిన ఈ భూమంతా అతనిదే అనుకోమన్నాడు. అంటే మనం కోరుకునేవన్నీ దొరికేసినవాడు! అతని ఆనందం ఎంత? ఒక్క యూనిట్. అంతే.

అక్కణ్ణుంచి గంధర్వులు, పితరులు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి... ఒక్కో మెట్టూ నూరు రెట్లు పెరుగుతూ పోతుంది. కానీ రెండో మెట్టు నుంచి ప్రతిచోటా ఋషి ఒక మాట కలుపుతాడు: వేదం తెలిసి, కోరికల దెబ్బ తగలని మనిషికి కూడా ఇంతే ఆనందం ఉంది అని. ఇంద్రుడి ఆనందం కావాలంటే ఇంద్రపదవి అక్కర్లేదన్నమాట.

గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు దీన్నే ఇంకోలా చెప్పాడు. సాత్విక సుఖం మొదట విషంలా ఉండి చివరికి అమృతమవుతుంది. రాజస సుఖం దీనికి తిరగేసి ఉంటుంది. కొత్త ఫోన్ డబ్బా విప్పిన రోజు ఆనందం, ఆరో ఈఎంఐ కట్టిన రోజు నీరసం, రెండూ మనకి తెలిసినవే.

అసలు కష్టమైన ప్రశ్న

వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రెండో మాట. దుఃఖంలో ఉన్నవాడు ధన్యుడా? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. అంటే ఆ రైతు పోగొట్టుకుంది ఒక పంట కాదు, పిల్లల చదువుకని పెంచుకున్న చెట్లు. అలాంటి మనిషి దగ్గరికెళ్లి "నువ్వు ధన్యుడివి" అంటే అది ఎగతాళి అవదా?

అవుతుంది, అక్కడితో ఆపేస్తే. ఆ మాటకి రెండో సగం ఉంది: దుఃఖంలో ఉన్నవాడికి ఓదార్పు దొరుకుతుందని. దుఃఖం మంచిదని చెప్పడం వేరు, దుఃఖంలో ఉన్నవాణ్ణి దేవుడు వదలడని చెప్పడం వేరు. ఆ ఓదార్పుకి చేతులు కావాలి. అందుకే అదే జాబితాలో ఐదో మాటగా కనికరం వచ్చిందని నాకు అనిపిస్తుంది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. సొంత ఇంటివాళ్లే ముట్టుకోవడానికి భయపడిన రోగుల పుండ్లు కడిగి కట్టు కట్టే పని అది. రెండో మాట నిజమవ్వాలంటే ఎవరో ఒకరు ఐదో మాట చేసి చూపించాలి. గీత 12వ అధ్యాయంలో భక్తుడి లక్షణాలు చెబుతూ కృష్ణుడు మైత్రినీ కరుణనూ మొదట్లోనే పెట్టాడు, గమనించండి.

తేడా కూడా చెప్పుకోవాలి

రెండూ ఒకటే అని తేల్చేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. క్రైస్తవులకి ఈ ధన్యత దేవుడు ఇచ్చేది, ఆయన రాజ్యంలో దొరికేది, కృప వల్ల వచ్చేది. అద్వైతంలో ఆనందం మన స్వరూపమే, అజ్ఞానం తొలగితే తెలిసేది. దారి వేరు, చెప్పే తీరు వేరు. కానీ ఇద్దరూ ఒక విషయంలో కలుస్తారు: కోరిక తీరితే వచ్చేదే ఆనందం అనుకోవద్దు.

ఈ వారం సాధన

మూడు పనులు చేసి చూడండి.

ఒకటి, రోజూ పడుకునే ముందు "ఈ రోజు నా సంతోషం దేనిమీద ఆధారపడింది?" అని ఒక్క వాక్యం రాసుకోండి. వారం తర్వాత చదివితే మనం ఏ మెట్టు మీదున్నామో తెలిసిపోతుంది.

రెండు, ఊళ్లో కష్టంలో ఉన్న ఒక్కరికి ఫోన్ చేయండి. సలహా ఇవ్వొద్దు. వాళ్లు చెప్పేది వినండి, చాలు.

మూడు, మాటల్లేకుండా ఉన్న ఇద్దరు బంధువుల్ని కలిపే ప్రయత్నం చేయండి. ఏడో మాట అదే. అన్నిటికన్నా కష్టం కూడా అదే.

ఇవి చేయడానికి ఎవరూ మతం మారక్కర్లేదు, మన ఇష్టదైవాన్ని వదలక్కర్లేదు. అరసవల్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకునే బయల్దేరండి. ఆయన వెలుగు ఏ ఇంటి గడప దగ్గరా ఆగదు కదా.

వచ్చే వారం గీత 12వ అధ్యాయంతో కలుద్దాం. శుభమస్తు.