మూడో లాంగ్‌టర్మ్ వద్దు, చెక్క పొట్టు వైపు చూడండి

బైపీసీ చదివిన పిల్లకు నీట్‌లో ర్యాంకు రాకపోతే ఇంట్లో వినిపించే మాట ఒక్కటే: "ఇంకో లాంగ్‌టర్మ్ పెడదాం." అదీ పోతే మూడోసారి. ఫీజు, హాస్టల్ కలిపితే లక్షలు. ఒక్క లాంగ్‌టర్మ్ వరకు నేనూ సరేనంటాను. ఆపైన పెట్టేది పిల్ల కోసం కాదు, చుట్టాలకు చెప్పుకోవడానికి.

అలాంటి పిల్లలకు నేను చెప్పే దారుల్లో ఒకటి విని తల్లిదండ్రులు మొహం చిట్లిస్తారు: సామిల్లు వ్యర్థాల నుంచి పంట తెగుళ్ల మందు. చెట్టు తన చేవ పుచ్చిపోకుండా కొన్ని రసాయనాలు తయారుచేసుకుంటుంది. పైన్ చేవలో పినోసిల్విన్, మన శేషాచలం ఎర్రచందనంలో టెరోస్టిల్బీన్ ఆ కోవలోవే. ద్రాక్షతోటలో కత్తిరించి పారేసే కొమ్మల్లో రెస్వెరట్రాల్ దొరుకుతుంది. శిలీంధ్రాలను ఇవి అడ్డుకుంటాయని ల్యాబుల్లో తేలింది. తెగుళ్లకు కొట్టే రాగి మందులను ఐరోపా సమాఖ్య ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలు దాటనివ్వడం లేదు; ప్రత్యామ్నాయాలు వెతకక తప్పదు. అంతెందుకు, మన రైతులు కొట్టే తెగుళ్ల మందు అజాక్సీస్ట్రోబిన్‌కు మూలం పైన్ కాయల మీద మొలిచే ఓ పుట్టగొడుగు.

అలాగని రేపే కంపెనీ పెట్టేస్తామంటే కుదరదు. పైన చెప్పిన రసాయనాలు, అంటే స్టిల్బీన్లు, ఎండకు మారిపోతాయి, వానకు కొట్టుకుపోతాయి. గాజు పళ్లెంలో బూజును ఆపిన మందు మిరపచేలో కాయకుళ్లును ఆపుతుందన్న హామీ లేదు. అమ్మాలంటే కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి. అది లేకుండా సీసా మీద 'బయో' అని అచ్చేసి అమ్మేవాళ్లు టార్గెట్లు పెట్టి కొత్త గ్రాడ్యుయేట్లను ఊళ్లమీదికి తోలుతున్నారు. రైతు నిలదీసేది ఆ కుర్రాణ్నే. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు, ల్యాబ్ సరిగా లేని కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా బయోటెక్ సీటుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మరి ఏం చదవాలి? బైపీసీతో ఎప్‌సెట్ రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్. ఆపై ప్లాంట్ పాథాలజీలో ఎమ్మెస్సీ. నా ఓటు మాత్రం కెమిస్ట్రీకే. చెక్కలోంచి పదార్థాన్ని విడదీయడం, శుద్ధి చేయడం, కొలవడం వచ్చినవాడికి ఈ పని దొరక్కపోయినా ఫార్మాలో పని దొరుకుతుంది. మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, తర్వాత తార్నాక ఐఐసీటీ లాంటి చోట పీహెచ్‌డీ. చాలా ఏళ్లు పడుతుంది, మొదట్లో ఫెలోషిప్ తప్ప జీతం ఉండదు. ఆ సంగతి ముందే చెప్పండి.

సీటు ఎంచుకునేలోపు పిల్లను దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి ఓసారి తీసుకెళ్లండి. తెగులు సోకిన ఆకును మైక్రోస్కోపులో చూపించమని అక్కడివాళ్లను అడగండి. నచ్చలేదంటే, దయచేసి బలవంతం చేయకండి.