ఎంఓటీ కాగితంలో ‘లోయర్ ఆర్మ్ బుష్’ అని కనిపిస్తే

బ్రిటన్‌కు చదువుకో, ఉద్యోగానికో వచ్చి మొదటి కారు వెతుక్కునేవాళ్ల చూపు పదేళ్లు దాటిన ఫోర్డ్ ఫియస్టా మీదో, వాక్సాల్ కోర్సా మీదో పడుతుంది. ధర అందుబాటులో ఉంటుంది, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. తీరా కొన్నాక స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర ‘టక్’మని చప్పుడు. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. టైరు లోపలి అంచు మాత్రం బోడిగా అరిగి ఉంటుంది. ఈ లక్షణాల్లో ఏ రెండు కలిసి కనిపించినా ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లను, వాటి బుష్‌లను చూపించుకోవాలి.

కారు అడుగున ఉండే సబ్‌ఫ్రేమ్‌కూ చక్రానికీ మధ్య అడ్డంగా ఉండేదే ఆర్మ్. మామూలు చిన్న కార్లలో అది లోపలివైపు రెండు రబ్బరు బుష్‌ల మీద ఆడుతుంది, బయటి కొసన బాల్ జాయింట్ ఉంటుంది. చక్రం గుంతలో పడినా, గట్టిగా బ్రేకు వేసినా ఆ దెబ్బను తట్టుకునేది రబ్బరే. ఏళ్లు గడిచేకొద్దీ అది పగులుతుంది, చివరికి తన ఇనుప గొట్టాన్ని వదిలేస్తుంది. కొన్ని బుష్‌ల లోపల ద్రవం కూడా ఉంటుంది. అవి చిరిగితే ఆర్మ్ మీద జిడ్డుగా నల్లటి చార కనిపిస్తుంది.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే వాహన భద్రతా పరీక్ష తప్పదు. దానికి వసూలు చేయదగ్గ గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. 2018 మే నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీసి రాస్తున్నారు. బుష్ మరీ అరిగితే మేజర్, అంటే ఫెయిల్. ఊడిపోయేలా ఉంటే డేంజరస్, ఆ బండిని రోడ్డెక్కించకూడదు. అరుగుదల ఇంకా ఆ స్థాయికి రాకపోతే ‘అడ్వైజరీ’ అని రాసి పాస్ చేస్తారు. కాగితం మీద నియర్‌సైడ్ అని ఉంటే ఫుట్‌పాత్ వైపు, ఆఫ్‌సైడ్ అని ఉంటే డ్రైవర్ వైపు.

ఈ చిట్టా కారు కొనకముందే చూసుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే 2005 నుంచి జరిగిన పరీక్షల ఫలితాలు ఉచితంగా వస్తాయి. వరుసగా రెండు మూడేళ్లు ముందు లోయర్ ఆర్మ్ బుష్ మీద అడ్వైజరీ ఉందంటే, అమ్మేవాళ్లు దాన్ని ముట్టుకోలేదన్నమాట. ఆ రిపేరు ఖర్చు ఎంతో ముందే ఒక గ్యారేజీలో కనుక్కుని, బేరంలో అంత తగ్గించమని అడగొచ్చు. తక్కువకే వస్తోందని పాత ఆడి ఎ4 వైపు మొగ్గేవాళ్లు మరోసారి ఆలోచించుకోవాలి. అందులో ముందు చక్రాలకు ఒక్కో వైపే నాలుగు ఆర్మ్‌లుంటాయి.

కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది గ్యారేజీ కొటేషన్ దగ్గర. విజయవాడ ఆటోనగర్‌లోనైతే ఆర్మ్ విప్పి, పాత బుష్‌ను ప్రెస్ మీద బయటికి నెట్టి, కొత్తది దించి, అదే ఆర్మ్‌ను మళ్లీ బిగిస్తారు. అక్కడ వస్తువు ఖరీదెక్కువ, పనివాడి కూలీ తక్కువ. ఇక్కడ కూలీ గంటల లెక్క. ప్రెస్ మీద పెట్టే సమయానికి అయ్యే ఖర్చుతోనే చాలా చిన్న కార్లకు బుష్‌లు, బాల్ జాయింట్ బిగించి ఉన్న కొత్త ఆర్మ్ వచ్చేస్తుంది. అందుకే మెకానిక్ మొత్తం ఆర్మ్ మారుద్దామంటే మోసం చేస్తున్నాడని అనుకోనక్కర్లేదు. బాల్ జాయింట్ వయసూ అంతే కాబట్టి అదీ ఒకే కూలీలో మారిపోతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడు నాలుగు సంగతులు తేల్చుకోవాలి: ఒక వైపా రెండు వైపులా, ఏ కంపెనీ ఆర్మ్, 20 శాతం వ్యాట్ కలిపారా లేదా, వీల్ అలైన్‌మెంట్ ఇందులోదేనా. లెమ్‌ఫోర్డర్, టీఆర్‌డబ్ల్యూ, మైలే లాంటి పేర్లు చెబితే నిశ్చింతగా ఉండొచ్చు. పేరే లేని చవక ఆర్మ్ అంటే కాస్త ఆలోచించాలి.

పనిలో రెండు మెలికలున్నాయి. బాల్ జాయింట్‌ను పట్టి ఉంచే పించ్ బోల్టు ఒకటి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, విప్పబోతే విరుగుతుంది. విరిగితే కూలీ పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి ముందే అడిగి పెట్టుకోవడం మేలు. రెండోది చివరి బిగింపు. కారు గాల్లో ఉండగానే బుష్ బోల్టులను పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొత్త బుష్ త్వరగా చిరుగుతుంది. బరువంతా చక్రాల మీద పడ్డాకే, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకూడదు, యాక్సిల్ స్టాండ్‌లు ఉండి తీరాలి.

ఫెయిలైన కారును అదే టెస్ట్ సెంటర్‌లో వదిలి, అక్కడే బాగు చేయించి, పది పనిదినాల్లోపు మళ్లీ పరీక్ష చేయిస్తే రెండో ఫీజు ఉండదు. గడువు ముగియడానికి నెలకు ఒక రోజు తక్కువ ఉన్నప్పటి నుంచే ఎంఓటీ చేయించుకోవచ్చు, వచ్చే ఏడాది తేదీ మారదు. లోపం బయటపడినా రెండు మూడు గ్యారేజీల్లో ధర అడిగే వ్యవధి దొరుకుతుంది.

ఆర్మ్‌లు మారాక అలైన్‌మెంట్ చేయించుకోకపోతే కొత్త టైర్లూ లోపలి అంచున అరగడం మొదలవుతుంది. మెషీన్ నుంచి ముందూ తర్వాతా కొలతలున్న ప్రింటు అడిగి తీసుకుని, బిల్లుతో కలిపి సర్వీస్ ఫైల్‌లో పెట్టుకోవాలి. రేపు కారు అమ్మేటప్పుడు, ఎంఓటీ చరిత్రలో పాత అడ్వైజరీ చూసి ప్రశ్నించేవాళ్లకు అవే చూపించొచ్చు.