ఏం కావాలో అడిగినవాడు

అమ్ములూ,

ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్న భువనగిరి గుట్ట మీదే నువ్వూ తాళ్లు పట్టుకుని తంటాలు పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఎవరెస్ట్ బేస్‌క్యాంప్‌కి వెళ్లినప్పుడు అక్కడి పిల్లలకు నోటుబుక్కులు, బట్టలు పంచి వస్తానని రాశావు. వద్దనను. ముందు ఎడ్మండ్ హిల్లరీ సంగతి కాస్త తెలుసుకో. 1953 మే 29న టెన్జింగ్ నార్గేతో కలిసి ఆయన శిఖరం చేరిన ముచ్చట నీకు తెలిసిందే. నేను చెప్పేది ఆ తర్వాతిది.

1960లో మళ్లీ ఎవరెస్ట్ కిందనున్న ఖుంబూ ప్రాంతానికి వెళ్లినప్పుడు, మీకేం కావాలని అక్కడి షేర్పాలనే అడిగాడు. పిల్లలకు బడి కావాలన్నారు. మరుసటి ఏడే ఖుమ్‌జుంగ్‌లో, 3,790 మీటర్ల ఎత్తున, అల్యూమినియం రేకుల బడి లేచింది. పంతులు కోసం న్యూజిలాండ్ వైపు చూడలేదు. డార్జిలింగ్ నుంచి షేర్పానే పిలిపించారు. బడి కట్టడం కన్నా ఈ ఏర్పాటే నాకు గొప్పగా తోస్తుంది. నువ్వూ మూటలు కట్టే ముందు అక్కడి బడిపంతుళ్లను అడుగు. నోటుబుక్కులు వాళ్ల దగ్గర గుట్టలుగా ఉన్నాయేమో!

ఒక ఊళ్లో బడి చూసి మిగతా ఊళ్లవాళ్లు మాకూ కావాలని అర్జీలు పెట్టారు. అంత సామాను రోజుల తరబడి వీపుల మీద మోయించడం ఎలా? విమానం దిగడానికి జాగా వెతికారు. దిగువన చదునైన పొలాలు అడిగితే రైతులు ఇవ్వలేదు. ఇచ్చేస్తే తినేదేమిటి మరి! దాంతో 1964లో లుక్లా దగ్గర కొండవాలు తీసుకున్నారు. పొదలు కొట్టి, రాళ్లు ఏరినా నేల గుల్లగానే ఉంది. రోలర్ లేదు. షేర్పాల ఆటలో చేతులు కలిపి, వరసకట్టి, నేలను దబదబా తొక్కుతారు. హిల్లరీ వాళ్లకు చాంగ్ అనే నాటు బీరు పోయించి ఆ ఆటే ఆడించాడు. ఆ అడుగులకే రన్‌వే గట్టిపడింది.

కానీ బడికీ ఆసుపత్రికీ సామాను చేరవేయాలని వేసిన ఆ రన్‌వే మీద ట్రెక్కర్లు దిగడం మొదలుపెట్టారు. వాళ్ల వంటకూ వేణ్నీళ్లకూ అడవి పొయ్యిపాలైంది. తను అనుకున్నది ఒకటి, అయింది ఒకటని హిల్లరీ దాచలేదు, చేతులూ దులుపుకోలేదు. 1976లో న్యూజిలాండ్ సాయంతో ఎవరెస్ట్ చుట్టూ సాగరమాత జాతీయ ఉద్యానం ఏర్పడింది. ఆయన పెట్టిన హిమాలయన్ ట్రస్ట్ నర్సరీల్లో మొక్కలు పెంచి కొండల మీద నాటించింది. ఖుమ్‌జుంగ్ బడిలో చదివిన మింగ్మా నోర్బు షేర్పా ఆ ఉద్యానానికి వార్డెన్ అయ్యాడు.

ఆసుపత్రి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ రోజుల్లో ఖుంబూలో చాలామందికి గొంతు కింద కాయలా వాపు ఉండేది. కొందరు పిల్లలు చెవుడుతో, మందబుద్ధితో పుట్టేవాళ్లు. శాపం కాదు, అయోడిన్ లోపం. ఆ కొండల నేలలో అది తక్కువ, టిబెట్ నుంచి వచ్చే ఉప్పులోనూ లేదు. 1966లో ఖుందే ఊళ్లో ఆసుపత్రి కట్టారు. ఆ ఏడే డాక్టర్లు అయోడిన్ కలిపిన నూనెను ఇంజెక్షన్లుగా ఇవ్వడం మొదలుపెట్టారు. తల్లి కడుపులోనే మెదడు ఎదగని పిల్లకు బడి ఎంత బాగుంటే ఏం లాభం?

1975లో ఫాప్లులో ఇంకో ఆసుపత్రి కడుతుండగా, హిల్లరీ దగ్గరికి బయల్దేరిన ఆయన భార్య, కూతురు కాఠ్మాండూలో విమానం కూలి చనిపోయారు. ఆయన కుంగిపోయాడు. అయినా పని ఆపలేదు. 2008లో పోయేదాకా ఆ కొండలతో బంధం తెంచుకోలేదు.

ఖుందే ఆసుపత్రికి మొదట్లో విదేశీ డాక్టర్లే వచ్చేవారు. ఖుమ్‌జుంగ్ బడిలోనే చదివిన కామి టెంబా షేర్పా అక్కడ ఆరోగ్య సహాయకుడిగా చేరి, ఫిజీ వెళ్లి వైద్యం చదివి వచ్చి, దాని బాధ్యత తీసుకున్నాడు. బేస్‌క్యాంప్ దారిలో ఎత్తుకు అలవాటు పడటానికి నామ్చే ఊళ్లో ఒక రోజు ఆపుతారు కదా, ఆ రోజు ఖుందే దాకా నడిచి చూసిరా. తలనొప్పి వస్తే మాత్రం దాచకుండా గైడుకు చెప్పు.

మీ పెదనాన్న