బిడ్డ జబ్బును నలుగురికీ పంపే ముందు



పిల్లల వార్డులో మేము తరచుగా చూసే దృశ్యం ఒకటుంది. బిడ్డకు సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. తల్లి ఒక చేత్తో బిడ్డను పట్టుకొని, రెండో చేతిలో ఫోను పెట్టుకొని, దుబాయిలో ఉన్న భర్తకు వీడియోలో చూపిస్తూ ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. దూరాన ఉన్న తండ్రికి బిడ్డను చూడాలని ఉండదా? అయితే అదే వీడియో చిన్నాయన ఫోనుకు, అక్కడి నుండి ఊరి గ్రూపుకు, ప్రార్థన గ్రూపుకు వెళ్తుంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క మాట కలుస్తుంది. చివరకు ఆ తల్లిదండ్రుల మీదికే నింద రావచ్చు. ఈ నెల పాఠములో ఆ సంగతి నేర్చుకుందాము.

ఒక తల్లి కన్నీళ్లు

కొంతకాలం క్రిందట ఫిట్స్ వచ్చే ఒక బాబును మా దగ్గరకు తెచ్చారు. పట్నంలో స్కానింగ్‌కు డబ్బు కావలసి వచ్చి, బంధువు ఒకరు బాబు ఫోటో పెట్టి సాయం అడిగారు. ఫిట్స్ అంటే ఎవరూ ఇవ్వరని "మెదడులో గడ్డ" అని రాశారు. మరొకరు దాన్ని "క్యాన్సర్" చేశారు. మందులు పడి బాబు బాగై బడికి పోతుంటే, "క్యాన్సర్ పిల్లగాడు గిట్ల ఎట్ల ఆడుతుండు?" అని ఊరిలో మాట పుట్టింది. మళ్లీ చూపించడానికి వచ్చినప్పుడు ఆ తల్లి, "పిల్లగాని పేరు మీద పైసలు సంపాయించినమంటున్నరు సిస్టరమ్మా" అని ఏడ్చింది. ఆమె అబద్ధం ఆడలేదు. ఆ మాటలు రాసింది కూడా ఆమె కాదు.

ఈ అనుమానం ఎక్కడి నుండి వచ్చింది?

కన్నవారే బిడ్డకు లేని జబ్బు ఉన్నట్టు చెప్పడం, లేదా జబ్బు కలుగజేయడం, దాని వల్ల అవసరం లేని పరీక్షలు, మందులు, ఆపరేషన్లు జరగడం అరుదే గాని నిజమే. 1977లో ఇంగ్లండులోని పిల్లల డాక్టరు రాయ్ మెడో ఇటువంటి ఇద్దరు పిల్లల సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసి, దానికి ఒక పేరు పెట్టారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2014లో అయిదేళ్ల బాబు ఒకడు చనిపోయాడు. ఆహారం ఎక్కించే గొట్టం ద్వారా తల్లే ఉప్పు ఎక్కించిందని 2015లో కోర్టు తేల్చింది. బాబు జబ్బుల గురించి ఆమె ఇంటర్నెట్‌లో తరచుగా రాస్తూ ఉండేది.

ఇటువంటి కేసుల వల్ల అక్కడ దర్యాప్తు చేసేవారు తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో రాసినవి కూడా చదువుతారు. అయితే రాసిన ప్రతి తల్లీ దోషి కాదు. ఇక్కడే చిక్కు ఉంది.

కోవాల్‌స్కీ కుటుంబం

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 2016 అక్టోబరులో పదేళ్ల పాపను తీవ్రమైన కడుపు నొప్పితో పిల్లల ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్లంతా భరించలేని నొప్పి కలిగించే అరుదైన జబ్బు ఉందని ఆమెకు అంతకు ముందే వేరే డాక్టర్లు చెప్పారు. కెటమిన్ అనే మత్తుమందుతో వైద్యం చేశారు. పాప తల్లి కూడా మనవంటి నర్సే. ఆ మందే ఎక్కువ మోతాదులో ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. ఆసుపత్రి వారికి అనుమానం కలిగి ఫిర్యాదు చేశారు. తల్లి అంతకుముందు పాప తానే చెబుతున్నట్టుగా ఇంటర్నెట్‌లో రాసిన రాతలు కూడా చర్చకు వచ్చాయి. కోర్టు ఆజ్ఞతో పాపను ఆసుపత్రిలోనే ఉంచి, తల్లిని దగ్గరకు రానివ్వలేదు. దాదాపు మూడు నెలలు బిడ్డను కళ్లారా చూడలేక, 2017 జనవరిలో ఆ తల్లి తన ప్రాణం తానే తీసుకుంది.

2023 నవంబరులో జ్యూరీ ఆసుపత్రిదే తప్పు అని, 20 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2025 అక్టోబరులో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసి, మళ్లీ విచారణ జరపమన్నది. ఎవరిది తప్పు అన్నది కోర్టుల పని. మేము ఇందులో చూసేది ఒక్కటే: తల్లికి, ఆసుపత్రికి మధ్య నమ్మకం తెగిపోతే నలిగేది బిడ్డే.

సాయం అడగడం తప్పా?

కాదు. హైదరాబాద్‌లో వెన్ను కండరాల క్షీణత అనే పుట్టుక జబ్బు ఉన్న మూడేళ్ల బాబుకు సుమారు 16 కోట్ల రూపాయల ఖరీదైన జోల్జెన్‌స్మా అనే మందు కావలసి వచ్చింది. తల్లిదండ్రులు ఇంటర్నెట్ ద్వారా అడిగితే 60 వేలకు పైగా జనం తలా కొంత ఇచ్చారు. 2021 జూన్‌లో సికింద్రాబాద్‌లోని ఆసుపత్రిలో ఆ మందు ఎక్కించారు. జబ్బు పేరు, మందు పేరు, ఖర్చు, ఆసుపత్రి అన్నీ స్పష్టంగా ఉన్నాయి గనుక జనం నమ్మారు.

మనము చేయవలసినవి

1. ఫైలు పోగొట్టుకోవద్దు. డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు, రక్త పరీక్షలు అన్నీ తేదీల వారీగా ఒకచోట ఉంచండి. మీ మీద నింద వచ్చిన రోజున మీ తరఫున మాట్లాడేది ఆ ఫైలే. అమెరికాలో ఉన్న మీ కొడుకు, కోడలు బిడ్డకు ఇక్కడ వైద్యం చేయించి ఉంటే, ఆ కాగితాల నకళ్లు వెంట పంపండి.

2. బిడ్డకు ఫిట్స్ వస్తే ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఇంట్లో మరొకరు ఉంటే వీడియో తీయమనండి. అది డాక్టరుకు చాలా ఉపయోగం. డాక్టరుకు చూపించండి, గ్రూపులో పెట్టవద్దు.

3. డాక్టరు రాసిన జబ్బు పేరే చెప్పండి. జాలి కోసం పెద్దది చేయవద్దు. మీ తరఫున రాసే బంధువుకు కూడా ఈ మాట ముందే చెప్పండి.

4. డబ్బు అడిగితే వీలైనంత వరకు ఆసుపత్రి ఖాతాకే వేయమనండి. రసీదులు దాచండి. రక్తం అడిగితే తేదీ, ఆసుపత్రి, గ్రూపు రాయండి. దొరికిన వెంటనే "రక్తం దొరికింది, ఇక పంపవద్దు" అని పెట్టండి.

5. ప్రార్థన మనవికి బిడ్డ ఫోటో అక్కరలేదు. ఒంటి మీద బట్ట లేని ఫోటో అసలే వద్దు. ఆ బిడ్డ రేపు పెద్దదై బడికి పోతుంది, పెళ్లి చేసుకుంటుంది. ఈ ఫోటో అప్పటికీ ఎవరో ఒకరి ఫోనులో ఉంటుంది.

6. పసిరికలకు కాల్పించినా, నాటు మందు పోసినా, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించినా దాచకుండా చెప్పండి. దాచిన కాల్పు మచ్చ కొట్టిన దెబ్బలాగా కనబడుతుంది.

మేము ప్రశ్నలు అడిగితే

"ఈ మచ్చ ఎట్లా వచ్చింది? మందు ఎవరు పోశారు?" అని మేము అడిగినప్పుడు కోపగించుకోవద్దు. బిడ్డ తనంతట తాను చెప్పుకోలేదు గనుక అడుగుతాము. 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, తమ సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా శిక్ష ఉంది. ఏ బిడ్డ అయినా ఆపదలో ఉన్నట్టు తెలిస్తే 1098కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మా సిస్టర్లకు కూడా మేము చెప్పేది ఇదే: అనుమానం వేరు, రుజువు వేరు. కాగితాలు చూడకుండా, పాత డాక్టరుతో మాట్లాడకుండా తల్లిని దోషి అనవద్దు. వైద్యం నచ్చకపోతే ఇంకొక డాక్టరును అడిగే హక్కు మీకుంది. ఆ మాట మాతో చెప్పి, ఫైలు తీసుకొని వెళ్లండి.

ఇంట్లో మాట్లాడుకోండి

మన ఫోనులో ఇతరుల బిడ్డల ఫోటోలు ఎన్ని ఉన్నాయి? వాటిని ముందుకు పంపే ముందు ఆ తల్లిని అడిగామా? మన బిడ్డ ఫైలు ఇప్పుడు ఇంట్లో ఎక్కడ ఉంది? ఈ రాత్రే వెతికి, ఒక సంచిలో పెట్టండి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు వెంట తెండి.