ముందు దీపం, తర్వాతే ఆకురాయి

హైదరాబాదు

చి. స్రవంతికి,

నీ ఉత్తరం అందింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఇటుక బట్టీల దగ్గర గుర్రాలకీ, కంచరగాడిదలకీ, గాడిదలకీ వైద్యం చేసే బండి మీద నీకు పని దొరికిందని మీ అమ్మ చెప్పినప్పుడే చాలా సంతోషించాను. పళ్ల పనికని మీవాళ్లు విడిగా కొంత డబ్బు తీసిపెట్టారనీ, మోటారుతో తిరిగే ఆకురాయి ఏ కంపెనీది కొనాలో చెప్పమనీ రాశావు.

ఆ యంత్రం ఇప్పుడే కొనొద్దమ్మా. ఆ డబ్బుతో ముందు తలకు కట్టుకునే మంచి లైటు ఒకటి కొను. నోరు తెరిచి పట్టే గ్యాగ్‌లు రెండు కావాలి, ఒకటి గుర్రానికి, ఇంకొకటి గాడిద నోటికి సరిపడే చిన్న పలకలున్నది. పొడుగు కాడ అద్దం, పంటి సందుల లోతు చూసే సన్నటి ప్రోబ్, నోరు కడగడానికి పెద్ద సిరంజి, బకెట్టు తప్పనిసరి. వీటి తర్వాత డబ్బు మిగిలితే చేతితో తోసే ఆకురాళ్లు రెండు మూడు తీసుకో. వాటి పలకలు పదునుగా ఉంటే ఏడాది పాటు నువ్వు చేయవలసిన పనిలో చాలా భాగం వాటితోనే అయిపోతుంది.

ఎందుకంటున్నానో చెప్తాను. చదువుకున్నదే అయినా, బట్టీలో ఎండలో నిలబడి, పదిమంది యజమానులు తొందరపెడుతుంటే గుర్తుండాల్సిన పద్ధతిలో మళ్లీ విను. వయసులో ఉన్న గుర్రం దవడ పన్ను ఏడు నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులో బయటికి కనిపించేది కొంచెమే, మిగతాదంతా ఎముకలో దాగి ఉంటుంది. అది ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తుంది, మేత నమలడంలో దాదాపు అంతే అరిగిపోతుంది. ఆ నిల్వ మళ్లీ పెరిగేది కాదు. మన ఆకురాయి ఎంత తీసినా అది ఆ జంతువు ముసలితనానికి దాచుకున్న దానిలోంచే పోతుంది.

పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. అందుకే పై పళ్లకు బుగ్గవైపు, కింది పళ్లకు నాలుకవైపు అరగని అంచు మిగిలి మొనలు తేలతాయి. గాడిదలో ఈ తేడా గుర్రంలో కంటే ఇంకాస్త ఎక్కువ. ఆ మొనలు బుగ్గనీ నాలుకనీ కోస్తుంటే తియ్యి, అంతవరకే. నమిలే ముఖం మీద ఉండే గట్లు మొనలు కావు. ఎనామిల్ గట్లు అలా ఎగుడుదిగుడుగా ఉంటేనే గడ్డి నలుగుతుంది. దాన్ని నున్నగా చేసి "చూడండి ఎంత బాగుందో" అని యజమానికి చూపించడం ఆ జంతువు నోటి దగ్గర కూడు లాగేయడమే. పైగా నమిలే ముఖానికీ లోపలి పల్ప్‌కీ మధ్య డెంటిన్ కొన్నిచోట్ల కొద్ది మిల్లీమీటర్లే. మోటారు ఆకురాయి ఒకేచోట ఆగితే పుట్టే వేడికి పల్ప్ చచ్చిపోతుంది. ఆ సంగతి ఆ రోజు తెలియదు. నెలలు గడిచాక పన్ను చెడుతుంది, అప్పటికి నిన్నూ ఆ యంత్రాన్నీ ఎవరూ తలుచుకోరు. ఎప్పటికైనా యంత్రం పడితే నీళ్లు పోస్తూ, ఒక్కో పంటి మీద కొన్ని క్షణాలే ఆనించి జరిపేయి.

ఎదురు పన్ను ఊడిపోయినచోట ఇవతలి పన్ను ఏపుగా పెరిగి ఉంటుంది. దాన్ని ఒక్క రోజులో సమం చేయాలని చూడకు. కొంచెం తగ్గించి, కొన్ని నెలలు ఆగి, మళ్లీ కొంచెం తగ్గించు.

ఇక నోరు తెరవడానికి ముందు చేయవలసిన పనులు. వీటి మీద నీ చేత ఒట్టు వేయించుకోవాలనిపిస్తోంది.

ఏ జంతువు నోట్లో చెయ్యి పెట్టబోయినా, ముందు ఇది రేబిస్ కాదు కదా అని నిన్ను నువ్వు అడుగు. చొంగ కారుస్తూ, మింగలేక, దవడ వేలాడేసి నిలబడ్డ గాడిదను తీసుకొచ్చి "పంటి నొప్పి, డాక్టరమ్మా" అంటారు. గొంతుకు ఏదో అడ్డం పడిందని కూడా అంటారు. అది పంటి నొప్పే కావచ్చు. కానీ కుక్క కరిచిందా, నడకలో తేడా ఉందా, ప్రవర్తన మారిందా అని అడగకుండా, గ్లవుజులు లేకుండా లోపలికి వెళ్లొద్దు. నువ్వు టీకా వేయించుకున్నావో లేదో ఉత్తరంలో రాయలేదు. వేయించుకోకపోతే ఈ వారమే వేయించుకో. నీ సహాయకులకూ వేయించు.

రెండోది గ్లాండర్స్. ముక్కు ఒక వైపు నుంచే చీము కారితే పుస్తకం ప్రకారం మొదట పై దవడ వెనక పళ్ల మీద అనుమానం రావాలి. అది నిజమే, దాని గురించి కింద రాస్తాను. కానీ నువ్వున్న రాష్ట్రంలో గ్లాండర్స్ ఎన్నోసార్లు బయటపడింది. అది మనిషికి కూడా అంటుతుంది, ప్రాణం తీస్తుంది. చట్టప్రకారం వెంటనే తెలియజేయాల్సిన జబ్బు. ముక్కులో పుండ్లు, కాలి మీద గడ్డల వరుస, జ్వరం, తగ్గని దగ్గు ఉంటే పంటి సంగతి పక్కనపెట్టు. జంతువును విడిగా కట్టించి ప్రభుత్వ పశువైద్యాధికారికి చెప్పు. రక్తపు నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి చేరాలి. ఫలితం వచ్చేవరకు ఆ నోట్లో గ్యాగ్ పెట్టకు.

ఈ రెండూ కాదని తేలాక కూడా వెంటనే నోరు తెరవక్కర్లేదు. దాని ముందు కాస్త మేత వేసి ఊరికే చూడు. ఒక వైపే నములుతోందా, తల వాల్చి నములుతోందా, సగం నలిగిన గడ్డిని ఉండలుగా చుట్టి బయటికి పడేస్తోందా అన్నది గమనించు. లద్దె విరిచి చూడు, పొడుగు పొడుగు పరకలు కనిపిస్తే నమలడం సరిగా సాగడం లేదన్నమాట. నోటి దగ్గర ముక్కుపెట్టి వాసన చూడు. కుళ్లు వాసన వస్తే లోపల ఏదో ఉంది.

తర్వాత మత్తు. జైలజిన్ గానీ డెటొమిడిన్ గానీ, దానికి తోడు బ్యుటార్ఫనాల్. కంచరగాడిదకు గుర్రం లెక్కన ఇస్తే తరచు చాలదు, ముందే ఆ సంగతి మనసులో పెట్టుకో. నలుగురు పట్టుకుని, పైపెదవికి తాడు మెలిపెట్టి, చెవి మెలితిప్పి చేసే పళ్ల పరీక్ష పరీక్షే కాదు. భయపడ్డ జంతువు గ్యాగ్‌తో సహా తల విసిరితే ఆ ఇనుము నీ దవడ పగలగొడుతుంది. మత్తు ఇచ్చి, తలకు ఆసరా పెట్టి, నోరు శుభ్రంగా కడిగి, లైటు వేసి, అద్దంతో చివరి పన్ను దాకా చూడు. చాలామంది ముందు రెండు మూడు పళ్లు తడిమి ఆపేస్తారు. జబ్బు ఎక్కువగా ఉండేది వాళ్ల వేళ్లు అందనిచోటనే. చూసింది చూసినట్టు, ఒక్కో పంటికీ ఒక నంబరిచ్చే ట్రయాడన్ పద్ధతిలో పటం మీద గుర్తుపెట్టు. మత్తు పూర్తిగా దిగేదాకా మేత వేయనివ్వకు, గొంతుకు అడ్డం పడుతుంది.

పటం గీస్తూ పోతే దవడ పళ్లలో నాలుగోది, అంటే తొమ్మిదో నంబరు, ఎన్నిసార్లు చెడి కనిపిస్తుందో నీకే తెలుస్తుంది. ఏడాది వయసుకే మొలిచే పన్ను అది, శాశ్వత దవడ పళ్లన్నిటిలోకీ వయసులో పెద్దది. పై దవడలో దాని నడిమి గుంటలు పుచ్చి, పన్ను నిలువునా రెండుగా చీలడం కూడా చూస్తావు. సంతల్లో ముందు పళ్లు చూసి వయసు చెప్పేవాళ్లు ఉన్నారు. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లకు శాశ్వత పళ్లు జతజతగా రావడం వాళ్లకు బాగా తెలుసు. ఆ చూపు అయిదారేళ్ల దాకా నమ్మదగినదే. కానీ వాళ్లెవ్వరూ వెనక్కి చూడరు.

గాడిద గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దాని నోరు చూసేవాళ్లే లేరు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3 లక్షల 20 వేల గాడిదలుండేవి. 2019 నాటికి అవి లక్షా 20 వేలకు పడిపోయాయి. మన వైపు చాకిరేవుల్లో బట్టల మూటలు మోసినవి ఇప్పుడు కనిపించడమే లేదు. మిగిలినవాటిలో పనిచేసేవి నీ ముందుకు వస్తున్నాయి. గుర్రం నొప్పి పుడితే ఏదో ఒక విధంగా చెప్తుంది. గాడిద చెప్పదు. తలవంచుకుని కాస్త మందకొడిగా నిలబడుతుంది, అంతే. యజమాని "మొండికేసింది" అంటాడు. బ్రిటన్‌లో చనిపోయిన 349 ముసలి గాడిదల నోళ్లను పరీక్షించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో 93 శాతానికి ఏదో ఒక దంత వ్యాధి ఉంది. నూటికి 85 గాడిదల పళ్ల మధ్య సందులు పడి ఉన్నాయి. అవి బాగా చూసుకునే శాలల్లో ఉన్నవి. ఇటుకలు మోసే గాడిద నోట్లో ఏముంటుందో ఊహించు.

ఆ సందుల్లో భూసా ఇరుక్కుంటుంది. కుళ్లి, చిగురు పుండై, అక్కడి నుంచి ఎముక దాకా పోతుంది. నా అనుభవంలో నోట్లో ఇంత నొప్పి పెట్టేది మరొకటి లేదు. ఆకురాయితో దీన్ని ఏమీ చేయలేవు. ఓపికగా సందు సందుకీ ఇరుక్కున్నది తీసి, కడిగి, మళ్లీ కొన్ని వారాలకు చూడాలి. మేత మార్చమని చెప్పాలి, పొడుగు గడ్డి బదులు బాగా సన్నగా తరిగింది, తడిపి మెత్తబరచిన దాణా. సందును బర్‌తో వెడల్పు చేసే పద్ధతి ఉంది గానీ, పక్కనే పల్ప్ ఉంటుంది. దాన్ని శిక్షణ పొందినవాళ్లకు వదిలెయ్.

నొప్పికి గాడిద మేత మానేస్తే రెండు మూడు రోజులు చూద్దామనుకోవద్దు. ఒంట్లో కొవ్వు రక్తంలోకి వచ్చేస్తుంది. రక్తం తీసి నిలబెడితే పైన తేలే ప్లాస్మా పాలరంగుకు తిరుగుతుంది. హైపర్‌లిపీమియా అని చదువుకున్నావు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతుంది. కొవ్వు పట్టినవి, చూలుతో ఉన్నవి, పాలిచ్చేవి మరీ త్వరగా పోతాయి. కాబట్టి పన్ను బాగుచేయడం కంటే ముందు నొప్పి తగ్గించి తినిపించాలి. దాని జోడు గాడిదను పక్కనే కట్టేయించు. విడదీస్తే ఆ దిగులుకే మేత మానేస్తుంది.

ముక్కు చీము దగ్గరికి వస్తాను. పై దవడ వెనక నాలుగు పళ్ల వేర్లు సైనస్‌ను ఆనుకుని ఉంటాయి. వేరు కుళ్లితే చీము సైనస్‌లో చేరి ఆ వైపు ముక్కు నుంచి కారుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే తగ్గుతుంది, ఆపగానే మొదలవుతుంది. ఇలా రెండుసార్లయితే మూడోసారి మందు రాయకు, ఎక్స్‌రే తీయించు. పన్ను తీయక తప్పకపోతే, మత్తుతో పాటు నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, నిలబెట్టే నోటి లోపలి నుంచే తీయడం ఇవాళ మంచి పద్ధతి. కదిలించి కదిలించి తీయడానికి గంటలు పట్టవచ్చు. పైనుంచి ఎముక తొలిచి పన్నును నోట్లోకి కొట్టే పాత పద్ధతిలో చిక్కులెక్కువ. మొదట్లో నువ్వు తీయకు, పశువైద్య కాలేజీ ఆసుపత్రికి పంపి, నువ్వూ వెంట వెళ్లి నిలబడి చూడు. పంపే ముందు ఏ పన్నో రెండుసార్లు లెక్కపెట్టు. ధనుర్వాతం టీకా ఉందో లేదో చూడు, గుర్రాలకు ఆ జబ్బు సులభంగా పట్టుకుంటుంది.

చేయకూడనివి రెండు. మూడు నాలుగేళ్ల గుర్రానికి కింది దవడ అడుగున బొడిపెలు తేలితే కోయకు. కొత్త పళ్లు వస్తున్నాయి, అంతే. అలాగే పిల్ల గుర్రానికి ముందు పళ్ల వెనక అంగిలి ఉబ్బింది, కోసేయండి, కాల్చేయండి అని ఎవరైనా అంటే అడ్డుపడు. పళ్లు మారే వయసులో అది సహజం.

కళ్లెం పుండ్లను పంటి పుండ్లుగా లెక్కెయ్యకు. పెదవుల మూలల్లో, ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ చిగురు మీద ఉన్న పుండ్లు మొరటు ఇనుప కళ్లెం చేసినవి. మంగోలియాలో దొరికిన గుర్రపు పుర్రెల మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. సుమారు 3,000 ఏళ్ల కిందటే అక్కడివాళ్లు గుర్రాల పళ్లకు వైద్యం చేయబోయారట. లోహపు కళ్లేలు వచ్చాకే దవడ పళ్ల ముందుండే చిన్న పన్నును, మనం వుల్ఫ్ టూత్ అనేదాన్ని, పీకడం మొదలైందట. నాకు ఆ కబురు చదివితే ఆశ్చర్యమూ వేసింది, బాధా కలిగింది. కళ్లెం తెచ్చిన బాధకు పన్ను పోగొట్టుకుంది జంతువు. నువ్వు కళ్లెం మార్పించు, ముందు తోలు గానీ రబ్బరు గానీ చుట్టించు.

యజమానులకు రోజు పోతే కూలి పోతుంది, వాళ్లను కోప్పడకు. వానల్లో బట్టీలు ఆగిపోతాయి కదా, పెద్ద పనులన్నీ, పళ్లు తీయించడం, పెరిగిన పళ్లు తగ్గించడం, ఆ నెలల్లో పెట్టుకో. సీజనులో నొప్పి తగ్గించడం, కోసే మొనలు తీయడం చాలు. ముసలి జంతువుకి పళ్లు అరిగి అడుగంటాక ఆకురాయి తగిలించనే కూడదు. మెత్తటి మేత ఏది, ఎంత, రోజుకెన్నిసార్లు అని అతనికి విడమరచి చెప్పు.

ఈస్లీ, డిక్సన్, షూమాకర్‌ల ‘ఈక్వైన్ డెంటిస్ట్రీ’ నా దగ్గరుంది, పంపుతాను. నీకు దగ్గర్లో పశువైద్య కాలేజీ ఉంటే అనాటమీ విభాగంలో పుర్రెలు అడిగి చేత్తో పట్టుకుని చూడు, గాడిదవీ గుర్రానివీ పక్కపక్కన పెట్టుకుని. మోటారు సంగతి వచ్చే ఏడాది మాట్లాడుకుందాం. ముందు నువ్వు చూసిన మొదటి నోళ్ల పటాలు, గాడిదలవి ముఖ్యంగా, ఫొటోలు తీసి పంపు. రేబిస్ టీకా ఏ రోజున వేయించుకున్నావో కూడా రాయి.

ఇట్లు
మీ మామయ్య