విమానదూరము - ప్రయాణకాలము

చెన్నపట్టణమునుండి హైదరాబాదునకు విమానమున ఎంతకాలము పట్టును? ఈ ప్రశ్నను మేము లెక్కల తరగతిలో ఇచ్చితిమి. బాలురు వేసిన లెక్క యిది; తల్లిదండ్రులును పటము ముందుంచుకొని వేయవచ్చును.

మీనంబాక్కము విమానాశ్రయము ఇంచుమించు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, శంషాబాదు విమానాశ్రయము 17¼ డిగ్రీలయందును ఉన్నవి. భేదము 4¼ డిగ్రీలు. అక్షాంశమున డిగ్రీకి 111 కిలోమీటర్ల వంతున ఇది 472 కిలోమీటర్లు. శంషాబాదు 1¾ డిగ్రీలు పడమరగా నున్నది. రేఖాంశముల నడిమి ఎడము ధ్రువములవైపు పోవుకొలది తగ్గును. మన ప్రాంతమున డిగ్రీకి సుమారు 107 కిలోమీటర్లు. కనుక ఇది 187 కిలోమీటర్లు. ఈ రెండును లంబకోణ త్రిభుజపు భుజములైనచో కర్ణము 508 కిలోమీటర్లు. ఇదియే ఆకాశమార్గము. రోడ్డుమార్గము 600 కిలోమీటర్లు దాటును.

జెట్టు విమానము గంటకు 800 కిలోమీటర్లు పోవునందురు. భాగించినచో 38 నిమిషములు. కాని టిక్కెట్టుమీద సుమారు గంటంబావు కనబడును. బాలురు తమ లెక్క తప్పనుకొనిరి. లెక్క తప్పు కాదు; ప్రశ్న చాలలేదు.

టిక్కెట్టులోని కాలము విమానము తన నిలుపుచోటు విడిచినది మొదలు, ఆవలి నిలుపుచోట ఆగువరకు గల కాలము. నేలమీద మెల్లగా నడచుట, వరుసలో వేచియుండుట, పైకెగయుట, క్రిందికి దిగుట అన్నియు అందులో చేరును. పదివేల అడుగులకు దిగువన గంటకు సుమారు 460 కిలోమీటర్లకు మించి పోరాదను నియమము సాధారణముగా నుండును. గాలికెదురుగా దిగవలసియుండుటచే మార్గము కొంత చుట్టు తిరుగును. పూర్తివేగము నడిమి భాగముననే.

ఇది బడిలెక్క మాత్రమే కాదు. మా విద్యార్థి తండ్రి యొకరికి హైదరాబాదున తల్లికి ప్రాణముమీదికి వచ్చినదని కబురు వచ్చినది. ఆయన టిక్కెట్టులోని గంటంబావునే తలచి తాపీగా బయలుదేరెను. విమానాశ్రయము చేరునప్పటికి ప్రయాణికుల నమోదు ముగిసియుండెను. మరునాటి విమానమున పోయెను గాని, తల్లి కడచూపు దక్కలేదు.

కావున పెద్దలు వేయవలసిన లెక్క వేరు. ఇంటినుండి విమానాశ్రయమునకు పట్టు కాలము, నమోదు సాధారణముగా ఒక గంట ముందే ముగియును గనుక దానికిముందే చేరవలసిన వ్యవధి, గగనప్రయాణము, పెట్టెలకై నిరీక్షణ, శంషాబాదునుండి నగరమునకు సుమారు 24 కిలోమీటర్ల దారి. అన్నియు కూడినచో ఇంటినుండి ఇంటికి ఐదారు గంటలగును. పండ్రెండు గంటలకు పైబడి పట్టు రాత్రిరైలుకంటె ఇది శీఘ్రమే. కాని గంటంబావు కాదు.

ఈసారి ప్రయాణము తటస్థించినప్పుడు ఈ లెక్కను మీ బిడ్డలచేతనే వేయింపుడు. దూరమును వేగముచే భాగించుట వారికి వచ్చును. దానికి ముందువెనుకల కాలమును చేర్చుట మనము నేర్పవలయును.