‘రీడ్’ అనే ఇంగ్లీషు క్రియ – అర్థం, పుట్టుక, వాడుక



పోయిన నెల ఇంగ్లీషు క్లాసులో ‘నిన్న కథ చదివాను’ అనే వాక్యం నా వంతు వచ్చింది. ‘రెడ్’ అనాల్సిన చోట ‘రీడ్’ అన్నాను. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. టీచర్ మాత్రం “దాని సంగతి నువ్వే తెలుసుకుని గోడపత్రికలో రాయి” అన్నారు. లైబ్రరీలో పెద్ద నిఘంటువు చూసి, టీచర్‌ని అడిగి రాస్తున్నాను.

వాడుక: ఆర్, ఈ, ఏ, డి – ఇవే నాలుగు అక్షరాలు. జరిగిపోయిన పనికి కూడా స్పెల్లింగు మారదు, పలకడమే మారుతుంది.
1. రోజూ చదువుతాను – ఐ రీడ్ ఎవ్రీ డే.
2. నిన్న చదివాను – ఐ రెడ్ ఇట్ ఎస్టర్‌డే.
3. చదివేశాను – ఐ హావ్ రెడ్ ఇట్.
గుర్తు: అయిపోయిన పనికి టీచర్ ఎర్ర ఇంకుతో టిక్కు పెడతారు. ఎరుపు అంటే రెడ్. అయిపోయిన చదువు కూడా ‘రెడ్’.

అర్థం: చదవడం. థర్మామీటరు, కరెంటు మీటరు చూసి అంకె చెప్పడం కూడా రీడ్ చేయడమే. అందుకే ‘మీటర్ రీడింగ్’ అంటారు.

పుట్టుక: వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఈ మాట ‘ర్యాడన్’. దానికి చదవడంతో పాటు సలహా చెప్పడం, ఊహించి విప్పి చెప్పడం అనే అర్థాలు ఉండేవి. పొడుపుకథను ఇంగ్లీషులో ‘రిడిల్’ అంటారు, అదీ ఈ వేరు నుంచే పుట్టింది. జర్మన్ భాషలో దీని చుట్టం ‘రాటెన్’. దానికి ఇప్పటికీ సలహా చెప్పడం, ఊహించడం అనే అర్థాలే. 978లో ఇంగ్లండుకు ఎథెల్‌రెడ్ రాజయ్యాడు. ఆ పేరుకి ‘గొప్ప సలహా’ అని అర్థం. కానీ తర్వాత జనం ఆయన్ని ‘అన్‌ర్యాడ్’, అంటే మంచి సలహా లేనివాడు అని వెక్కిరించారు.

ఇది చదివాక నాకు వేసవి సెలవులు గుర్తొచ్చాయి. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. అమ్మా నేనూ సంతకి చింతపండు తీసుకెళ్ళాం. గంప ఎత్తినప్పుడే అమ్మ “ఇరవై కిలోల పైనే ఉంటది” అంది. షావుకారు ఇచ్చిన చీటీలో 16 అని ఉంది. చదివి చెప్పాను. అమ్మ నా మొహం చూసి “మరి ఏం చేద్దాం బిడ్డా?” అంది. నా నోరు ఎండిపోయింది. అయినా “మళ్ళీ తూకం వేయమందాం” అన్నాను. రెండోసారి 21 వచ్చింది.

అమ్మ ఊహించింది. నేను చీటీ చదివాను, సలహా చెప్పాను. ఆ మూడూ ఈ ఒక్క పాత మాటలో ఉన్నాయి. ఇప్పుడు మా ఊళ్ళో వాళ్ళు కాగితాలు తెచ్చి నన్ను చదవమంటారు. చదవగానే “ఏం చేయమంటావు?” అని అడుగుతారు. అందుకే అర్థం కాకుండా గబగబా చదవకూడదని తెలిసింది.

తప్పులుంటే మన్నించండి. నవ్వినవాళ్ళు పైన రాసిన మూడు వాక్యాలూ ఒకసారి గట్టిగా పలికి చూడండి.

– 9వ తరగతి విద్యార్థిని